ఐకేపీ వడ్ల సెంటర్‌ను ఆడవాళ్లమే నడపాలంటే ఎట్లా?

ప్రశ్న (సంఘం అధ్యక్షురాలు, మిర్యాలగూడ దగ్గర):
మాది సాగర్ ఎడమ కాల్వ కింద ఊరు. ఈ యాసంగికి సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ మా గ్రామైక్య సంఘానికే, అంటే ఊళ్లోని ఆడవాళ్ల పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘానికే ఇచ్చారు. పోయిన యాసంగిలోనూ మాదే, కానీ పేరుకే. కాంటా దగ్గరంతా మా మెంబర్ల భర్తలు, ఊరి పెద్దమనిషి ఒకాయన. ఎవరి కుప్ప ముందు తూకం వేయాలో ఆయనే చెప్పేవాడు. మేము సాయంత్రం కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్లం. మా సంఘంలోనే కౌలు చేసుకునే ఒంటరి ఆడమనిషి ఒకామె ఉంది. సీరియల్ వెనక్కి జరిపి జరిపి, చివరికి ఆమె వడ్లు వానకు తడిసి మొలకెత్తాయి. నాకది ఇప్పటికీ మింగుడు పడదు. ఈసారి మేమే నిలబడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (వీవోఏ, అంటే గ్రామ సంఘం లెక్కలు చూసే సహాయకురాలు, నిడమనూరు వైపు):
అక్కా, ముందు తేమ మీటర్ మీ చేతిలోకి తీసుకోండి. 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు కాబట్టి, ఆ అంకె చదివేవాళ్ల మాటే అక్కడ చెల్లుతుంది. మా దగ్గర పది చదివిన కోడళ్లకు నేర్పించాం, ఒక్క పూటలో వచ్చేసింది. కుప్ప పైన గింజలు కాదు, లోపల చేయి పెట్టి నాలుగు చోట్ల తీయాలి. అంకె రైతుకు చూపించి అక్కడే రాయాలి. వడ్లు వచ్చిన రోజే టోకెన్ ఇచ్చి, నంబర్ల పట్టీ అందరికీ కనబడేటట్టు అంటించండి. పెద్దమనిషి వస్తే ఆ పట్టీ చూపించండి, గొడవ అక్కర్లేదు.

జవాబు (రైతు, హాలియా):
ట్రక్ షీట్, అదే లారీలో ఎన్ని వడ్లు పోతున్నాయో రాసే కాగితం, మరిచిపోకమ్మా. అసలు దెబ్బ అక్కడే. లారీ మిల్లుకు చేరాక తాలు (గింజ లేని పొట్టు), తేమ ఉందని తూకంలో తరుగు తీస్తారు. లారీ కదలకముందే బస్తాల లెక్క, తూకం రాసి కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కోత అని ఫోన్ వస్తే ఆ ఫోన్లోనే ఒప్పుకోవద్దు, రైతును పిలిచి ఎదురుగా మాట్లాడించండి. మా ఊర్లో ఆడవాళ్లు కాంటా పట్టిన సీజన్‌లో నా బస్తా 40 కిలోలు, పైన సంచి బరువు, అంతే జోకారు.

జవాబు (సంఘం మెంబరు, మక్తల్):
వడ్లు కొనిపెట్టినందుకు వచ్చే కమీషన్ సంఘం ఖాతాలో పడుతుంది కదా, అందులోంచి కాంటా దగ్గర నిలబడేవాళ్లకు రోజు కూలి ఇవ్వాలని మీటింగ్‌లో తీర్మానం రాయించండి. ఊరికే చేయమంటే ఎవరూ రారు, మళ్లీ మగవాళ్లే వస్తారు. ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. సెంటర్ దగ్గర మరుగుదొడ్డి లేక ఆడవాళ్లు ఏప్రిల్ ఎండలో నీళ్లు తాగకుండా ఉంటారు. మధ్యాహ్నానికే కళ్లు తిరిగి ఇంటికి పోతారు. దగ్గర్లో బడి ఉంటే, వేసవి సెలవులకు తాళం పడకముందే హెడ్‌మాస్టర్‌ను అడిగి మరుగుదొడ్డి తాళంచెవి తీసి పెట్టుకోండి.