‘మంజి’ని ‘ఊబి’ అనవచ్చునా?

జపాను రచయిత జునిచిరో తానిజాకి నవల ‘మంజి’ పేరును తెలుగులో ‘ఊబి’ అనుకోవచ్చునా అని ఒక మిత్రులు అడిగారు. ఆంగ్లానువాదం ‘క్విక్‌శాండ్’ అన్న పేరుతో వచ్చింది కనుక ఆ ఊహ కలగడం సహజమే. కాని ఆ మాట ఈ కథకు నప్పదనీ, ‘స్వస్తికం’ అనడమే సరైనదనీ నా అభిప్రాయం.

1928 నుంచి 1930 వరకు ‘కాయిజో’ పత్రికలో ధారావాహికగా వెలువడిన ఈ నవలకు శీర్షికగా ఉన్నది ఒక గుర్తు. మన గడపల మీద, కొత్త పద్దుపుస్తకాల మొదటి పేజీలో పసుపుకుంకుమలతో వేసుకునే స్వస్తికమే అది. కాకపోతే దాని చేతులు ఎడమవైపుకు తిరిగి ఉంటాయి. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాను చేరిన ఆ గుర్తును అక్కడ మంజి అంటారు. జపాను పటాలలో బౌద్ధాలయం ఉన్నచోట వేసేది దాన్నే. పాశ్చాత్యులకు ఆ గుర్తు పేరు వినగానే నాజీల జెండా కళ్ల ముందు మెదులుతుంది. మనకు ఆ ఇబ్బంది లేనప్పుడు, వారు పక్కకు తప్పుకున్న దారినే మనమూ పట్టవలసిన అవసరం ఏముంది?

ఊబిలో దిగబడినవాడు తానొక్కడే కూరుకుపోతాడు. ‘అప్పుల ఊబి’ అన్నప్పుడు మనకు తోచేది ఆ ఒంటరి పతనమే. ఊబికి ప్రేమా తెలియదు, మోసమూ తెలియదు. ఈ నవలలో అలా కాదు. సొనోకో, న్యాయవాది అయిన ఆమె భర్త, ఆమె ప్రాణప్రదంగా ప్రేమించిన మిత్సుకో, మిత్సుకో ప్రియుడు వతనుకి, ఈ నలుగురిలో ప్రతి ఒక్కరూ మరొకరిని లాగుతూ, ఆ మరొకరి చేత లాగబడుతూ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతారు. మిత్సుకో లేని గర్భాన్ని నటిస్తుంది. వతనుకి, తామిద్దరం తోబుట్టువులమంటూ సొనోకోతో నెత్తుటి సాక్షిగా ప్రమాణపత్రం చేసుకుంటాడు. చివరకు భార్యాభర్తలు ఒకరికొకరు దగ్గర కాకూడదని మిత్సుకో రాత్రిపూట ఇద్దరికీ నిద్రమందు ఇస్తుంది. పోతన గారి ‘కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచు’ పద్యపాదాలలో లాగుడు ఎటు నుంచి ఎటో చెప్పలేనట్లు ఉంటుంది కదా, ఇక్కడ అటువంటి లాగుడు నాలుగు దిక్కులా ఉంది. పైగా జపనీయులకు ‘మంజిదొమొయె’ అన్న నుడికారమే ఉంది: ఒకరినొకరు తరుముకుంటూ, కలగలిసిపోయి సుడి తిరగడమని దాని అర్థం.

నాట్యగ్రంథమైన అభినయదర్పణంలోని స్వస్తిక హస్తం కూడా నాకు ఇక్కడ గుర్తుకు వస్తుంది. రెండు పతాక హస్తాలను మణికట్ల దగ్గర అడ్డంగా కలిపి పట్టే ఆ ముద్రకు శాస్త్రం చెప్పిన వినియోగం మకరం, అంటే మొసలి. కనుక మన సంప్రదాయంలోనూ ఈ మాటకు శుభం ఒక్కటే అర్థం కాదు.

‘ఇంత మంగళకరమైన మాటను ఇటువంటి కథకు పెట్టడమా’ అన్న అభ్యంతరం రావచ్చు. అసలు నవల బిగువంతా ఆ వైరుధ్యంలోనే ఉంది. కథ చిత్రలేఖన పాఠశాలలో మొదలవుతుంది. ఎదుట నిలబెట్టిన అమ్మాయిని చూసి కన్నోన్ బొమ్మ వేయవలసి ఉండగా, సొనోకో చేయి మరో ముఖాన్ని దించుతుంది. ముఖం ఈ అమ్మాయిది కాదే అని ప్రధానాచార్యుడు నిలదీస్తాడు. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే, అక్కడ స్త్రీరూపం ధరించిన కరుణామూర్తి. మిత్సుకో ముఖంతో ఉన్న ఆ బొమ్మ ఎదుటనే చివరకు సొనోకో, ఆమె భర్త, మిత్సుకో ముగ్గురూ చావాలని మందు మింగుతారు. బతికి బయటపడిన సొనోకోకు, చావులోనూ ఆ ఇద్దరూ కలిసి తనను మోసం చేశారేమోనన్న అనుమానం మిగిలిపోతుంది. దైవచిహ్నం కింద ఇంత మోసం జరిగిందన్న తాకిడి జపాను పాఠకునికి శీర్షికలోనే తగులుతుంది. ‘స్వస్తికం’ అంటే మనకూ తగులుతుంది, ‘ఊబి’ అంటే తగలదు. అంతేకాక, ‘స్వస్తి’ అని దీవించే మనమే ‘స్వస్తి చెప్పాడు’ అని ముగింపునూ చెబుతాం. ఈ రెండర్థాల అదృష్టం తెలుగువారికి దక్కింది.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. అట్ట మీద గుర్తు వేసేవారు అలవాటు కొద్దీ మన గడప మీది స్వస్తికాన్ని వేయకుండా, చేతులను ఎడమవైపుకే తిప్పి వేయాలి.