పులివేషం ఫోటోను నలుపు తెలుపుల్లోకి మార్చవచ్చునా? బొమ్మలు గీయడం రాకుండా ఫోటోగ్రఫీ వస్తుందా?

బరంపురం_కుర్రాడు
అందరికీ నమస్కారం. నేను బరంపురంలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ఒక స్టూడియోలో ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నాను. అక్కడ పెళ్లి ఆల్బమ్ ఎలా పేర్చాలో చెబుతారు గానీ, వెలుతురును ఎలా చూడాలో చెప్పేవారు లేరు. నా ప్రశ్నలు మూడు. బొమ్మలు గీయడం రానివాడు ఫోటోగ్రాఫర్ కాగలడా? ఉన్న కొద్ది డబ్బుతో కొత్త కెమెరా కొనాలా, లేక పాత కెమెరాకే మంచి లెన్సు కొనాలా? డిగ్రీ అయ్యాక హైదరాబాద్ మాసాబ్ ట్యాంకులోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ చదవడం మేలా? మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రలో రాత్రిపూట తీసిన పులివేషం ఫోటో ఒకటి జతచేస్తున్నాను. రంగులు గందరగోళంగా అనిపించి దానిని నలుపు తెలుపుల్లోకి మార్చాను.

గోపాలపురం_గాలి
తమ్ముడూ, కెమెరా జోలికి పోవద్దు, లెన్సే కొనుక్కో. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎంఎం లెన్సు, 55 దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు దానికి సుమారు 10 రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. రాత్రి ఊరేగింపులో ఆ తేడా ఏమిటో నీకే తెలుస్తుంది. అయితే మాలాగా సముద్రపు ఒడ్డున ఉండేవారికి అసలు శత్రువు బూజు. ఉప్పుగాలికి, తేమకు లెన్సు లోపల సాలెగూడులా బూజు పడుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచేవారి లెన్సులే ముందు పాడవుతాయి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టు, అవి రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకో.

రంగులపొడి
లెన్సుల సంగతి తరువాత చూసుకుందాం. పులివేషాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చడమేమిటి నాయనా? ఒంటినిండా పసుపు పూసుకుని, నల్లచారలు దిద్దించుకుని, డప్పుల మధ్య ఎండనక వాననక ఎగిరే మనిషి దగ్గర నీవు తీసేసింది ఆ వేషాన్నే! వెనుక రంగుల బల్బులు నచ్చకపోతే నాలుగడుగులు పక్కకు జరిగి తీయాలి గానీ, రంగునే చంపేస్తారా? నేను పటచిత్రం, అంటే గుడ్డమీద బొమ్మలు వేసే ఒడిశా కళ, నేర్చుకున్నదానిని. చింతగింజల జిగురు, సుద్దపొడి కలిపి గుడ్డకు పూసి, ఆరాక రాతితో రుద్ది నునుపు చేస్తాం. తెలుపు శంఖం నుంచి, ఎరుపు హింగుళం అనే రాతి నుంచి, పసుపు హరితాళం అనే రాతి నుంచి, నలుపు దీపపు మసి నుంచి తీస్తాం. ఒక్కొక్క రంగు వెనుక అంత పని ఉన్నదని తెలిస్తే ఎవరూ ఒక్క మీట నొక్కి దానిని తుడిచేయరు.

పర్లాకిమిడి_పాతస్టూడియో
అమ్మా, మీ పటచిత్రం మీద నాకు గౌరవమే. కానీ ఫోటోగ్రఫీ మొదలైనదే రంగు లేకుండా. 1839లో ప్రపంచానికి తెలిసిన ఈ విద్య ఎన్నో దశాబ్దాలు నలుపు తెలుపుల మీదే బతికింది. నైజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోల్లో రంగు ఉన్నదా? ఎవరికైనా అవి వెలవెలబోయినట్లు కనిపించాయా? పులివేషానికి ప్రాణం చారలే. పసుపు లేతగా, నలుపు ముదురుగా పడతాయి కనుక పులి ఎక్కడికీ పోలేదు. ఈ కుర్రవాడి ఫోటోలో లోపం వేరే ఉన్నది. ఎరుపు, ఆకుపచ్చ తరచు ఒకే బూడిదరంగుగా మారిపోతాయి కనుక, నడుముకు కట్టిన ఎర్రగుడ్డ వెనుకనున్న ఆకుపచ్చ తెరలో కలిసిపోయింది. రా ఫైల్, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచిన అసలు ఫైలు, ఉంటే మార్చేటప్పుడు ఎరుపును కొంచెం పైకి లాగవలసింది. దశాబ్దాలుగా డార్క్‌రూమ్‌లో నిలబడినవాడిని కనుక చెబుతున్నాను. మొబైలులో ఫిల్టరు నొక్కినవారికి ఇది తెలియదు.

రంగులపొడి
మొబైలు ఎవరు పట్టుకున్నారో చూడకుండానే తీర్పు చెప్పేశారు, సంతోషం. ఆనాడు రంగు దొరకక నలుపు తెలుపుల్లో తీశారు. నేడు చేతిలో ఉన్న రంగును పారేయడం కళ అనిపించుకోదు, సోమరితనం అనిపించుకుంటుంది.

పర్లాకిమిడి_పాతస్టూడియో
సోమరితనమా? మా తండ్రిగారి కాలపు ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లకు ఎరుపు కనిపించేదే కాదు. అందుకే ఎర్రదీపం వెలుతురులో వాటిని కడిగేవారు. పాత పెళ్లి ఫోటోల్లో అమ్మమ్మల కుంకుమబొట్టు నల్లగా కనిపించడానికి కారణం అదే. పెదవులూ అంతే. బొట్టు మరీ నల్లగా కాక లేతగా కనపడాలని ముఖం మీద వెలుతురును ఎలా మళ్లించేవారో చూసి ఉంటే ఆ మాట అనరు. ఎరుపును కూడా చూడగల పాంక్రోమాటిక్ ఫిల్ము వచ్చాక, కటిక చీకట్లో చేతివేళ్లతో తడుముకుంటూ పనిచేసేవాళ్లం.

గోపాలపురం_గాలి
పెద్దవారూ, పాత నెగటివ్‌లకు బూజు పడితే ఏం చేసేవారు? మా ఇంట్లో ఒక పెట్టె నిండా ఉన్నాయి.

రాయగడ_సంత
ఇంతమంది ఇంతసేపు బొట్టు గురించీ చారల గురించీ మాట్లాడారు గానీ, ఆ పులివేషం వేసినవాడిని అడిగి తీశావా అని ఒక్కరూ అడగలేదు. యాత్రలో వేషం వేసినవాడు నలుగురూ చూడాలనే వేస్తాడు కనుక అక్కడ సరే. మా వైపు చాటికొనలో బుధవారం సంతకు నియమగిరి కొండల నుంచి డొంగ్రియా కొంధు స్త్రీలు దిగివస్తారు. తలమీద బుట్ట దించకముందే మొహం మీదికి లెన్సు పెట్టేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకామె చేయి అడ్డం పెట్టుకున్నా తీసి, ఆ చేతినే గొప్ప కళగా ప్రదర్శనలో పెట్టిన మహానుభావుడు ఒకడున్నాడు. నేను ముందు పసుపు కొమ్ములు కొంటాను, ధర మాట్లాడతాను, తరువాత కెమెరా చూపించి సైగచేస్తాను. వద్దంటే వద్దే.

పర్లాకిమిడి_పాతస్టూడియో
అడిగి తీస్తే మనిషి బిగుసుకుపోతాడు. సహజత్వం ఎక్కడినుంచి వస్తుంది?

రాయగడ_సంత
మీ స్టూడియోలో కుర్చీ వేసి కూర్చోబెట్టి తీసినవారంతా సహజంగానే ఉన్నారా? ఒప్పుకున్నాక అక్కడే కాసేపు తిరిగితే, మనిషి కెమెరాను మరచిపోయి తన బేరంలో పడతాడు. ఓపిక లేనివారే దొంగచాటుగా తీస్తారు. ఇంకొక మాట, రంగు విషయంలో నా ఓటు రంగులపొడిగారికే. ఆ స్త్రీలు కుట్టే కపడగండా శాలువాకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తెల్లని గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టిన ఆ పనిని నలుపు తెలుపుల్లో తీస్తే మిగిలేది మాసిన దుప్పటి.

రంగులపొడి
అదే నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది. ఇక తమ్ముడి మొదటి ప్రశ్నకు వస్తే, చేతితో గీయడం రాకపోయినా నష్టం లేదు, గీసేవారి పక్కన కూర్చోవడం అవసరం. పటచిత్రంలో వెలుతురు ఏ వైపునుంచి వస్తున్నదో ఉండదు, నీడ ఉండదు, అంచులోపల ఖాళీ మాత్రం ఎక్కడా వృథా కాదు. నీ ఫోటోలో కుడివైపు మూడోవంతు ఖాళీగా ఎందుకున్నదో నీకు తెలుసా?

బరంపురం_కుర్రాడు
అక్కా, కుడివైపు డప్పుల వాళ్లు వస్తారని వదిలాను, కానీ వాళ్లు జనంలో ఆగిపోయారు. ఆ భాగం కత్తిరించి చూస్తే పులి ఇరుకులో పడినట్లుంది, అందుకని ఉంచేశాను. పర్లాకిమిడి మాస్టారు చెప్పినట్లు రా ఫైల్ తీసి ఎరుపును పెంచాను, నడుముగుడ్డ విడిగా కనిపిస్తున్నది. రంగుల ఫోటో కూడా జతచేస్తున్నాను. లెన్సు మాత్రం ఖాయం చేసుకున్నాను. హైదరాబాద్ చదువు గురించి ఎవరూ చెప్పలేదు. హాస్టలు ఖర్చు ఎంత అవుతుందో, ఒడియా మాధ్యమంలో పన్నెండు చదివినవారికి అక్కడ ఇబ్బంది ఉంటుందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

పర్లాకిమిడి_పాతస్టూడియో
రంగుల ఫోటో చూశాను. నలుపు తెలుపుదే బాగున్నది.