సీఎన్‌సీగా మార్చడానికి పాత మిల్లింగ్ మెషీన్: ఈ రెండిట్లో ఏది తీసుకోవాలి?

రాగితీగ:
అందరికీ నమస్తే. పాత మిల్లింగ్ మెషీన్ ఒకటి కొని కంప్యూటర్ కంట్రోల్ (సీఎన్‌సీ) పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇప్పుడు చూపులో రెండు ఉన్నాయి. ఒకటి బ్రిడ్జ్‌పోర్ట్ తరహా ‘నీ’ (knee) మిల్లు, అంటే టేబుల్‌ని మోసే భాగం పైకీ కిందికీ జరిగేది, చేత్తో తిప్పేది. పెయింట్ మెరుస్తోంది, ఆన్ చేస్తే శబ్దం కూడా బాగానే ఉంది. రెండోది అసలు సీఎన్‌సీగానే పుట్టిన బెడ్ మిల్లు, కానీ కంట్రోలర్ చచ్చిపోయింది, స్క్రీన్ వెలగదు, యజమాని దాన్ని తుక్కు లెక్కలోనే చూస్తున్నాడు. ధరలో పెద్ద తేడా లేదు. నా పని ఎక్కువగా అల్యూమినియం ప్లేట్లు, ఎప్పుడైనా మెత్తటి స్టీలు. ఎలక్ట్రానిక్స్ నాకు కొట్టిన పిండి, ఇనుము వైపే అనుభవం తక్కువ. సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది. ఏది మేలంటారు?

పోతఇనుము:
స్లైడ్లు (టేబుల్ జారే దారులు), స్పిండిల్ (కటర్‌ని తిప్పే ఇరుసు) బాగుంటే కళ్లు మూసుకుని రెండోదే తీసుకోండి. చచ్చింది కంట్రోలరే కదా, దాన్ని మీరు ఎలాగూ పీకేస్తారు. బాల్ స్క్రూలు (నట్టులో గుండ్లు దొర్లే స్క్రూలు), వాటి చివర బేరింగులు, మోటార్ మౌంట్లు, లిమిట్ స్విచ్‌లు, స్లైడ్లకు ఆయిల్ పంపే లైన్లు, ఇవన్నీ అందులో ముందే ఉన్నాయి. మాన్యువల్ మెషీన్‌లో అవి ఒక్కొక్కటే మీరు చేసుకోవాలి, నెలలు మింగేది అక్కడే.

చేత్తో తిప్పే మెషీన్‌లో ఉండేది మామూలు లీడ్ స్క్రూ. నట్టుకీ స్క్రూకీ మధ్య కాస్త ప్లే (వదులు) ఉన్నా మనిషి చెయ్యి సర్దుకుంటుంది, అవసరమైతే టేబుల్ లాక్ బిగిస్తాం. కంప్యూటర్‌కి ఆ చెయ్యి లేదు. క్లైంబ్ మిల్లింగ్‌లో (కటర్ పళ్లు తిరిగే వైపుకే ముక్క జరిగే కోతలో) కటర్ టేబుల్‌ని తనవైపు లాక్కుంటుంది, ప్లే ఎంత ఉంటే అంత ఒక్కసారిగా జరుగుతుంది, పన్ను విరుగుతుంది. అదృష్టం బాగుంటే జాబ్ (కోసే ముక్క) మీద గీతతో పోతుంది. వృత్తం కోస్తే యాక్సిస్ దిశ మారే నాలుగు చోట్లా మెట్టు కనిపిస్తుంది.

ఇక జెడ్, అంటే పైకీ కిందికీ కదలిక. ‘నీ’ మిల్లులో క్విల్‌కి (స్పిండిల్‌తో కిందికి దిగే గొట్టానికి) మోటార్ పెడితే కదలిక అయిదంగుళాలే (127 మి.మీ.), డ్రిల్లు చక్, వైస్ పెట్టేసరికి చోటు చాలదు. మొత్తం ‘నీ’ భాగాన్ని లేపుదామంటే టేబుల్, శాడిల్ (టేబుల్ కింద జారే దిమ్మ), జాబ్ బరువంతా మోటార్ మీదే పడుతుంది. బెడ్ మిల్లులో హెడ్ మాత్రమే కిందికీ పైకీ కదులుతుంది.

చిప్స్‌బకెట్:
పైన అన్నది నిజమే కానీ ‘కళ్లు మూసుకుని’ అన్న మాట దగ్గర ఆగండి. ముందు మోటార్ల మీద ప్లేట్లు చదవండి. బ్రష్‌లున్న పాత డీసీ సర్వోలు (స్థానం చూసుకుంటూ తిరిగే మోటార్లు), మామూలు క్వాడ్రేచర్ ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో పల్సుల్లో చెప్పేది) ఉంటే పండగే. డ్రైవ్‌లు (మోటార్లకు కరెంటిచ్చే పెట్టెలు) బతికి, ప్లస్ మైనస్ 10 వోల్టుల కమాండ్ తీసుకునేవైతే లినక్స్‌సీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్, కంప్యూటర్‌ని డ్రైవ్‌లకు కలిపే ఒక మెసా కార్డుతో వాటినే నడపొచ్చు. రిజాల్వర్లో (కోణాన్ని పల్సులుగా కాక అనలాగ్ సిగ్నల్‌గా ఇచ్చే సెన్సర్లు), ఆ కంపెనీ కంట్రోలర్‌కే అర్థమయ్యే సీరియల్ ఎన్‌కోడర్లో ఉంటే తల నొప్పి, అప్పుడు మోటార్లు కూడా మార్చే లెక్క వేసుకోండి.

కరెంటు సంగతి కూడా. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీలు (మోటార్ వేగం మార్చే డ్రైవ్‌లు) 2.2 కిలోవాట్ల దాకా సులువుగా దొరుకుతాయి, అంతకన్నా పెద్ద స్పిండిల్ అయితే కష్టం. మోటార్‌ని 230 వోల్టుల డెల్టాలో (వైండింగులు త్రికోణంలా) కలిపే వీలుందో లేదో ప్లేటు మీదే ఉంటుంది. తలుపు వెడల్పు, నేల బలం ఎవరూ అడగరు, లారీ వచ్చాక గుర్తొస్తాయి.

రాగితీగ:
బాగా చెప్పారు ఇద్దరూ. రెండు సందేహాలు. బ్యాక్‌లాష్‌ని, అంటే ఆ ప్లేని, సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు కదా, అయినా బాల్ స్క్రూ తప్పదా? ఇంకోటి, చూడటానికి వెళ్లినప్పుడు ఏం పరీక్షించాలి?

డయల్‌గేజ్:
సాఫ్ట్‌వేర్ చేసేది ఒక్కటే, దిశ మారగానే ఆ ఖాళీ మేరకు మోటార్‌ని అదనంగా తిప్పుతుంది. ఆ ఖాళీలో టేబుల్‌ని పట్టుకుని ఉంచేది మాత్రం ఏమీ లేదు, కటర్ ఎటు లాగితే అటు పోతుంది. డ్రిల్లింగ్‌కి సరిపెట్టుకోవచ్చు, మిల్లింగ్‌కి కాదు. 5 మి.మీ. పిచ్ స్క్రూ మీద మోటార్ చుట్టుకి 2000 పల్సులంటే పల్సుకి 0.0025 మి.మీ. వస్తుందని మురిసిపోతారు కొందరు, కింద 0.2 మి.మీ. ప్లే ఉంటే ఆ అంకె దేనికీ పనికిరాదు.

వెళ్లేటప్పుడు మాగ్నెటిక్ స్టాండ్‌తో డయల్ గేజ్ తీసుకెళ్లండి. గేజ్‌ని కాలమ్‌కి అంటించి మొన టేబుల్ చివర ఆనించండి. హ్యాండ్ వీల్ కదలకుండా పట్టుకుని టేబుల్‌ని ముందుకీ వెనక్కీ గట్టిగా తోసి చూడండి. ఇదే మధ్యలో ఒకసారి, రెండు చివర్లా ఒక్కోసారి. అన్ని చోట్లా ఒకే అంకె వస్తే నట్టు, లేదా థ్రస్ట్ బేరింగు (స్క్రూ చివర తోపు మోసేది) వదులు, సర్దుకునే వ్యవహారం. మధ్యలో మాత్రమే ఎక్కువగా ఉంటే స్క్రూ అక్కడ అరిగింది.

తర్వాత గిబ్, అంటే స్లైడ్ వదులు సర్దే పట్టీ. టేబుల్ మధ్యలో ఉండగా గిబ్ సరిగ్గా బిగించి చివరికి తిప్పండి. అక్కడ పట్టేస్తే స్లైడ్ మధ్యలో అరిగినట్టే. అమ్మేవాళ్లు కొందరు గిబ్ వదులు చేసి ‘వెన్నలా తిరుగుతోంది చూడండి’ అంటారు, అప్పుడు టేబుల్ కొస పట్టుకుని అడ్డంగా ఊపితే బండారం బయటపడుతుంది. మెరిసే పెయింట్ దీని గురించి ఏమీ చెప్పదు. స్లైడ్ మీద నిలువు గీతలు, ఆయిల్ రంధ్రాల్లో మూసుకుపోయిన చెత్త చెబుతాయి.

స్పిండిల్ టేపర్ (టూల్ కూర్చునే ఏటవాలు రంధ్రం) గుడ్డతో తుడిచి లోపల గేజ్ పెట్టి చేత్తో తిప్పండి. ముల్లు ఊగడం 0.01 మి.మీ. దాటితే బేరం తగ్గించే కారణం దొరికినట్టే, ఇంకా పైకి పోతే బేరింగుల ఖర్చు కలుపుకోండి. స్పిండిల్ ఏదోలా నడిపించగలిగితే గరిష్ఠ వేగంలో కాసేపు వదలండి. వెచ్చబడటం మామూలే, చెయ్యి పెట్టలేనంత కాలితే అనుమానించాలి.

సీఎన్‌సీ మెషీన్‌లో బాల్ స్క్రూని మోటార్ పుల్లీ దగ్గర నెమ్మదిగా తిప్పండి. గరగరలాడకూడదు, ఒకే పట్టుతో తిరగాలి. జెడ్ మోటార్ జోలికి మాత్రం హెడ్ కింద గట్టి చెక్క దిమ్మ పెట్టకుండా వెళ్లొద్దు. లీడ్ స్క్రూ తనంతట తాను ఆగుతుంది, బాల్ స్క్రూ ఆగదు, బ్రేక్ విడిస్తే హెడ్ దిగిపోతుంది.

పోతఇనుము:
ఒక్కటి కలుపుతాను. వైరింగ్ డ్రాయింగులు, పాత మాన్యువల్ ఉన్నాయేమో తప్పక అడగండి, క్యాబినెట్ తలుపు వెనకాల ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి చాలాసార్లు. పాత వైర్లు పీకే ముందు ప్రతి టెర్మినల్ ఫొటో తీయండి. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం సాఫ్ట్‌వేర్‌కి అప్పగించకండి, డ్రైవ్‌ల కరెంటునే కోసేలా కాంటాక్టర్‌తో (పెద్ద రిలే స్విచ్‌తో) వేయండి.

రాగితీగ:
అర్థమైంది. ముందు బెడ్ మిల్లు చూడటానికే వెళ్తున్నాను, గేజ్, టార్చి, చెక్క దిమ్మ సంచిలో పెట్టేశాను. మోటార్ ప్లేట్ల ఫొటోలు ఇక్కడే పెడతాను, చిప్స్‌బకెట్ గారూ, మీరే చెప్పాలి అవి పండగో తలనొప్పో.