తొలి అమెరికన్ సాహిత్యం: ఏ వ్యాసం రాసినా "దైవసంకల్పం" దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న:
ఎం.ఏ. ఇంగ్లీషులో వలస కాలపు అమెరికన్ సాహిత్యం మీద వ్యాసం రాయాలి. గైడ్లన్నిటిదీ ఒకటే పాట: ప్యూరిటన్లు (ఇంగ్లండు నుంచి వలసొచ్చిన కఠిన నిష్ఠగల ప్రొటెస్టెంట్లు), దైవసంకల్పం, కొండ మీది పట్టణం (లోకమంతా చూసే ఆదర్శ సమాజం), అడవి అంటే సైతాను చోటు. రచయిత మారినా ఈ నాలుగు ముక్కలు మారవు. పాఠంలోంచే ఇంకేదైనా చూపించాలంటే ఎక్కడ పట్టుకోవాలండీ?

జవాబు 1:
ఒక్క పుస్తకం చాలండి. మసాచుసెట్స్ వలసలోని పాస్టర్ భార్య మేరీ రోలండ్‌సన్‌ది తీసుకోండి. వాళ్ల ఊరు లాంకాస్టర్ మీద జరిగిన దాడిలో స్థానిక తెగలవాళ్లకు బందీగా చిక్కి, పదకొండు వారాలకు పైగా వాళ్ల వెంట తిరిగింది. 20 పౌండ్లు కట్టాక విడిచిపెట్టారు. పుస్తకం 1682లో అచ్చయింది. అందులో అధ్యాయాలు ఉండవు. ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి కదిలిన ప్రతిసారీ ఒక "రిమూవ్", మొత్తం 20.

పెన్సిల్‌తో రెండు రకాల గుర్తులు పెడుతూ చదవండి: బైబిల్ వాక్యం వచ్చినచోట ఒకటి, తిండి ఊసొచ్చినచోట ఇంకొకటి. మొదటి వారం దాదాపు ఏమీ తినదు. రెండో వారం నీరసించిపోతుంది, అయినా వాళ్ల తిండి గొంతు దిగదు. మూడో వారానికి అదే కమ్మగా ఉంటుంది. ఎనిమిదో రిమూవ్‌లో తెగ నాయకుడు ఫిలిప్ కొడుక్కి చొక్కా కుడితే ఒక షిల్లింగ్ ముడుతుంది, దాంతో గుర్రం మాంసం కొంటుంది. టోపీ కుడితే భోజనానికి పిలుపు. పెట్టింది రెండు వేళ్లంత అట్టు. వేయించిన గోధుమలు దంచి ఎలుగుబంటి కొవ్వులో కాల్చినది. అంత రుచి జన్మలో ఎరగనంటుంది! ఆ మనుషుల్నే పుస్తకం పొడుగునా అనాగరికులని తిడుతుంది.

అసలు చోటు 18వ రిమూవ్. ఉడికించిన గుర్రపు కాలి ముక్కను ఒక ఇంగ్లీషు పిల్ల కొరకలేక చీకుతుంటే, రోలండ్‌సన్ దాన్ని లాక్కుని తనే తినేస్తుంది. వెంటనే బైబిల్లోని యోబు 6:7 ఎత్తుకుంటుంది, ముట్టనన్నదే నాకు ఆహారమైందని. అంటే మీ రెండు గుర్తులూ ఒకేచోట పడ్డాయి. దేవుడే దీన్ని రుచిగా చేశాడన్న మాట ఆ పిల్ల సంగతిని కప్పేస్తుంది. వ్యాసం అక్కడ మొదలుపెట్టండి.

జవాబు 2:
పై మాట బాగుంది. తేదీలతో మాత్రం జాగ్రత్త. రోలండ్‌సన్ దాడి తేదీని 1675 ఫిబ్రవరి 10 అంటుంది. అప్పటి ఇంగ్లీషు లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి మన లెక్కకు అది 1676.

ఇంకోటి, రాసిన ఏడాదీ అచ్చయిన ఏడాదీ విడివిడిగా వేసుకోండి. "కొండ మీది పట్టణం" అన్న మసాచుసెట్స్ గవర్నర్ విన్త్రప్ ప్రసంగం 1630 నాటిదే గానీ అచ్చులోకి వచ్చింది 1838లో. బ్రాడ్‌ఫర్డ్ అనే గవర్నర్ రాసిన ప్లిమత్ వలస చరిత్ర పూర్తిగా అచ్చయింది 1856లో. అప్పటి జనమంతా వీటిని చదివారని రాస్తే తప్పు. వాళ్ల చేతుల్లో నిజంగా ఉన్నది 1640 కీర్తనల పుస్తకం, 1662లో విగిల్స్‌వర్త్ రాసిన తీర్పుదినం పద్యం లాంటివి.

వర్జీనియాను వదిలేయకండి. అక్కడి వలస నాయకుడు జాన్ స్మిత్ ప్యూరిటన్ కాడు. స్థానిక తెగ నాయకుడి కూతురు పోకహోంటస్ తనను కాపాడిన కథ అతని 1608 పుస్తకంలో లేదు, 1624 దాంట్లో ఉంది, అదీ తన గురించి తానే "స్మిత్" అని చెప్పుకుంటూ. రెండూ పక్కపక్కన పెడితే గొప్పలు ఎలా పెరిగాయో తెలిసిపోతుంది.

అడిగినవారు:
ప్యూరిటన్ కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్‌నూ ఇలాగే చదవొచ్చా?

జవాబు 1:
చదవొచ్చు. 1666 జులైలో ఇల్లు కాలిపోయినప్పటి పద్యం చూడండి. ఇచ్చినవాడే తీసుకున్నాడని మొదట్లోనే దణ్ణం పెట్టేస్తుంది. పద్యం అక్కడితో అయిపోవాలి, అవదు. బూడిద పక్కనుంచి నడుస్తూ ఇక్కడ ట్రంకు, ఇక్కడ పెట్టె అని తలుచుకుంటుంది. ఇక ఈ బల్ల దగ్గర అతిథి కూర్చోడు, కొవ్వొత్తి వెలగదు అంటుంది. ఆ తర్వాతే మనసును గద్దించి పరలోకపు ఇంటివైపు తిప్పుకుంటుంది.

చాలామంది ఇక్కడ ఆమెను తిరుగుబాటు కవయిత్రిని చేసేస్తారు. అది పొరపాటు. మనసులో మిగిలిన ఆశను బయటికి లాగి గద్దించడం ప్యూరిటన్ల ఆత్మపరీక్షలో భాగమే. సామాను మీద ఎన్ని పంక్తులు, మందలింపు మీద ఎన్ని పంక్తులు అని లెక్కేసి, ఆ అంకెలు వ్యాసంలో పెట్టండి.