వేసవిలో నవధాన్యాలు చల్లమంటే రైతులు తలూపుతున్నారు, చల్లడం మాత్రం లేదు. ఏం చేయాలి?

మెట్టచేను_అమ్మాయి:

అందరికీ నమస్తే. బీఎస్సీ అగ్రికల్చర్ అయిపోగానే ఒక స్వచ్ఛంద సంస్థలో ఫెలోగా చేరాను. రెండేళ్ల ఒప్పందం, కదిరి వైపు ఒక ఊళ్లోనే ఇల్లు తీసుకుని ఉంటున్నాను. బోర్లున్నవాళ్లు కొద్దిమందే, మిగతాదంతా వానకు పండే చెనిక్కాయ (వేరుశెనగ). రసాయనాలు తగ్గించడం, ఏడాదిలో వీలైనన్ని రోజులు నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉండేలా చూడడం, అన్నిటికంటే ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో వాన రాకముందే పొడి దుక్కిలో నవధాన్యాలు, అంటే జొన్న, అలసంద, పెసర లాంటి రకరకాల గింజలు కలిపి చల్లించడం నా పని.

సమస్య ఏంటంటే, ఎవరూ కాదనరు. మీటింగ్ అంటే వస్తారు, మజ్జిగ ఇస్తారు, "మంచి మాటే చెప్తాండావు మా" అంటారు, అంతే. పోయిన వేసవిలో విత్తనాల కిట్లు ఉచితంగా పంచాం. జూన్‌లో వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో సంచి ముడి కూడా విప్పలేదు, అటక మీదే ఉంది. ఒకాయనైతే అందులోంచి అలసందలు, పెసలు ఏరి గుగ్గిళ్లు వండుకున్నామని నవ్వుతూ చెప్పాడు! నాకూ నవ్వొచ్చింది కానీ రిపోర్టులో ఏం రాయాలో తెలియలేదు.

భూమి వేడెక్కడం గురించి ప్రొజెక్టర్ పెట్టి చెప్పి చూశాం, వేరే జిల్లాలో బాగా చేసిన రైతుల వీడియోలు చూపించాం. ఇంకేం చేస్తే కదులుతారు? ఇంకోటి, ఇంట్లో అమ్మ రోజూ ఫోన్ చేసి బ్యాంకు అగ్రికల్చర్ ఆఫీసర్ పరీక్షకి ప్రిపేర్ అవ్వమంటోంది. ఈ రెండేళ్లు తర్వాత ఎందుకైనా పనికొస్తాయా? ఈ పని చేసినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

గోస్తనీ_గట్టు:

నేను ఉత్తరాంధ్రలో రాష్ట్ర ప్రభుత్వ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఫెలోగా చేశాను. రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టినప్పుడు దాని పేరు పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయం, ఇప్పుడు ఏపీసీఎన్ఎఫ్ (ఆంధ్రప్రదేశ్ కమ్యూనిటీ మేనేజ్డ్ నేచురల్ ఫార్మింగ్) అంటున్నారు. 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి వచ్చింది చూడండి, నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ ఈజిప్టు సెకెమ్ సంస్థతోనూ కలిపి ఇచ్చారు, ఆ కార్యక్రమమే. అక్కడ మాకు చెప్పిన మొదటి సంగతి ఏంటంటే, ఊళ్లో కాపురం ఉండు, నువ్వు కూడా కౌలుకు కాస్త నేల తీసుకుని నీ చేతులతో పండించు, ఆ తర్వాత ఎవరికైనా చెప్పు. మొదట్లో నాకు ఇది ట్రైనింగులో ఒక ముచ్చట అనిపించింది కానీ ఊళ్లో దాని విలువ వేరు. నా ముప్పై సెంట్లలో కలుపు పెరిగితే దారినపోయే ప్రతివాడూ ఆగి "ఏం సారూ, గడ్డి పెంచుతున్నారా" అని వెక్కిరించేవాడు, ఆ వెక్కిరింతతోనే మాట కలిసేది, అక్కడినుంచే సంభాషణ నా చేను దాటి వాళ్ల చేనుకి వెళ్లేది. మీటింగులో గంటసేపు నోరు విప్పని మనిషి గట్టు మీద నిలబడి తన అప్పుల లెక్కంతా చెప్పేస్తాడు.

అందుకని ముందు ప్రొజెక్టర్ పక్కన పెట్టండి. భూమి వేడెక్కడం అబద్ధమని కాదు. వాళ్లకి అది మనకంటే ముందే తెలుసు, తొలకరి ఎప్పుడొస్తుందో, వచ్చాక ఎన్నాళ్లు మొహం చాటేస్తుందో వాళ్లు అనుభవిస్తున్నదే. తెలియందల్లా మీరు చెప్పింది చేస్తే నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది. జీతం మీది, చేను వాళ్లది.

ఇంకో చిన్న సంగతి. జీవామృతం, అదే రసాయన ఎరువుకి బదులు చేనుకి వాడే ద్రావణం, ఇంట్లో కలుపుకోమని కాగితం ఇచ్చి వచ్చేయకండి. రెండొందల లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గట్టు మీది పిడికెడు మట్టి, రెండు రోజులు నీడలో ఉంచి పొద్దున సాయంత్రం కలపడం, చదవడానికి ఇంతే. కానీ డ్రమ్ము ఎవరిది? ఆవు లేని ఇంటికి మూత్రం ఎవరు పట్టి ఇస్తారు? తెల్లారకముందే కొట్టం దగ్గర బకెట్ పట్టుకుని నిలబడాల్సింది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే. మా ఊళ్లో ఒకావిడ ఇంటి వెనక తయారుచేసి డబ్బాల్లెక్కన అమ్మడం మొదలుపెట్టాకే వాడకం పెరిగింది. అప్పటిదాకా నా ఉపన్యాసాలన్నీ గాల్లో కలిసినవే.

నల్లమాడ_రైతు:

పాపా, నీ ప్రశ్న చదివి నవ్వుకున్నా, తప్పుగా అనుకోవద్దు. మీ సార్లు గానీ పైన రాసినాయన గానీ అసలు సంగతి చెప్పలేదు. జీవాల మాటేంది?

మా పక్క చెనిక్కాయ పీకినాక, కందులు కోసినాక చేను ఎవరిదైనా సరే అందరి జీవాలకీ మేతే, ఇది మా తాతల నాటి కట్టుబాటు. వేసవిలో మంద వచ్చి రాత్రిపూట చేనులో పడుకుంటే ఆ పెంట చేనుకి బలం, అందుకని రైతులే కాపర్లకి డబ్బో గింజలో ఇచ్చి మంద పెట్టించుకుంటారు. ఇప్పుడు నువ్వొచ్చి మేలో చేనులో పచ్చగా మొలిపించమంటే, ఊరంతా ఎండిపోయి ఉన్నప్పుడు నా ఒక్కడి చేను పచ్చగా ఉంటే ఏమవుతుంది? ఊళ్లో ఉన్న గొర్రెలన్నీ నా చేనులోనే ఉంటాయి, కాపరితో నేను గొడవపడాల, ఆయన నాకు బావ వరస, రేపు పెండ్లిలో ఎదురుపడాల. విత్తనం ఉచితమే గానీ ఈ తలనొప్పి ఉచితం కాదు కదా. అందుకే సంచి అటక మీద పెడతారు. నీ ముఖం మీద వద్దనడం బాగుండదని తలూపుతారు.

ఒక్కొక్కరిని బతిమాలడం మాను. ఒక పక్కకి ఉండే చేన్లు చూడు, వంకకీ బండిబాటకీ మధ్య ఆనుకుని ఐదారు మందివి ఉంటాయి, వాళ్లందర్నీ ఒకేసారి ఒప్పించు. ఒప్పించేటప్పుడు కాపర్లని కూడా కూర్చోబెట్టు, ఇది ముఖ్యం. నలభై ఐదు, యాభై రోజులకి పైరు పూతకొస్తుంది, అప్పుడు కొంత కోసి వాళ్లకే మేతకి ఇస్తామని, లేదా ఒక పక్కన మేపుకోమని ముందే మాట్లాడుకుంటే వాళ్లే కావలి కాస్తారు. ఎండాకాలంలో పచ్చిమేతంటే కాపరికి చేదా? మిగిలింది గుంటక తోలి నేల మీదనే పడేస్తే చెనిక్కాయ విత్తేనాటికి మెత్తబడి ఉంటుంది.

నేను రెండెకరాల్లో ఇట్లే చేస్తాండా. ఆ రెండెకరాల్లో దిగుబడి మిగతా చేను కంటే ఎక్కువని గొప్పలు చెప్పను, వాన సక్కగా పడిన ఏడు తేడా పెద్దగా కనపడదు. కానీ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టే టైములో వాన మొహం చాటేస్తే మిగతా చేను పదిరోజులకే ఆకు ముడుచుకుంటే ఇది ఇంకో నాలుగైదు రోజులు నిలబడుతుంది. మాకు ఆ నాలుగైదు రోజులే పంట. ఒక్కోసారి ఆ సందులో వాన వచ్చేస్తుంది, ఒక్కోసారి రాదు, ఏం చేస్తాం.

పాత_ఏఓ:

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఈ ప్రకృతి వ్యవసాయం మీద నాకు కొన్ని అనుమానాలు ఉన్నాయి, దాచుకోను. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ కూడా దీనికి తగినంత శాస్త్రీయ ఆధారం లేదని బాహాటంగానే చెప్పింది. ఆ తర్వాత చాలా అధ్యయనాలు వచ్చాయి, ఖర్చు తగ్గుతుందన్నదాని మీద పెద్ద గొడవ లేదు, దిగుబడి మీదే వాదన ఇంకా తెగలేదు.

అమ్మాయీ, నువ్వు చెప్తున్న మాట వేరే పంటకి తయారుచేసిన మాట. డెల్టా వరికో, గుంటూరు మిరపకో, మొక్కజొన్నకో వెళ్లి ఎరువుల ఖర్చు తగ్గుతుందంటే రైతు వింటాడు, అక్కడ బస్తాల మీద బస్తాలు పడుతున్నాయి. నత్రజని ఎరువు ఎక్కువైతే నేలలోంచి నైట్రస్ ఆక్సైడ్ పోతుంది, వందేళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 270 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది, కాబట్టి వాతావరణం వైపు నుంచి చూసినా అక్కడ తగ్గిస్తేనే అసలు ఫలితం. ఆ డెల్టాలో కూడా 45 కిలోల యూరియా బస్తా సబ్సిడీ పోను 270 రూపాయల లోపే, దాన్ని మానమంటే ఆలోచిస్తాడు. మీ కదిరి మెట్టలో చెనిక్కాయ రైతు యూరియా వేసేదెంత? అది పప్పుజాతి పంట, నత్రజని చాలావరకు తనే తెచ్చుకుంటుంది. అతని పెట్టుబడిలో పెద్ద వాటా విత్తనం, ఆ తర్వాత కూలీలు. పెట్టని ఖర్చు తగ్గిస్తానంటే ఎవరు కదులుతారు? ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. కాబట్టి అక్కడ అమ్మాల్సిన సరుకు తేమ, నల్లమాడ ఆయన చెప్పిన ఆ నాలుగైదు రోజులు.

అదైనా నోటితో చెప్పకుండా కొలిచి చూపించు. పక్కపక్కన ఒకే నేల ఉన్న రెండు ముక్కలు తీసుకో, ఒకదాంట్లో నవధాన్యాలు, రెండోదాంట్లో మామూలుగా. విత్తిన తేదీ, వాన పడిన తేదీలు రాసిపెట్టు. కోతకొచ్చాక రెండుచోట్లా ఐదు మీటర్లకి ఐదు మీటర్ల తాడు వేసి పీకించి, రైతుల ఎదురుగానే కాయ తూకం వేయించు. తక్కువ వచ్చినా అదే తూకం అందరి ముందు చెప్పాలి. మరో సంగతి, ఊడలు దిగేటప్పుడు ఎకరానికి 200 కిలోల జిప్సం వేయమని మా సిఫారసు, అది రసాయనం అని మాన్పించకు, సున్నం, గంధకం తక్కువైతే గింజ ఊరదు, తాలుకాయలొస్తాయి, ఆ పేరు నీ నవధాన్యాల మీద పడుతుంది.

గోస్తనీ_గట్టు:

@పాత_ఏఓ జిప్సం మాట మా శిక్షణలో ఒప్పుకోరు గానీ, పక్కపక్క ముక్కల లెక్క మాత్రం నూటికి నూరుపాళ్లు. వీడియోలో ఎక్కడి రైతో చెప్పిన దానికంటే పక్క చేనులో తూకం మేలు.

సంఘం_లీడర్:

నేను పొదుపు సంఘం నడుపుతాను, మాది ప్రకాశం జిల్లా. చెల్లీ, నీ మీటింగ్‌కి వచ్చినవాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది? నువ్వు రాయలేదు కాబట్టి అడుగుతున్నా. విత్తనం సంగతి ఇంట్లో ఆడవాళ్లకి తెలిసినట్టు మగవాళ్లకి తెలియదు, బూడిద కలిపి కుండలో పెట్టేది, పురుగు పట్టకుండా చూసేది మేమే. బయటినుంచి కిట్ తెచ్చి ఇవ్వడం కంటే ఊళ్లోనే తలా ఒక సోలెడు జొన్న, సజ్జ, అలసంద, పెసర, అనుము, ఆముదం, గోగు, నువ్వులు పోగుచేయించు, గ్రామ సంఘం మీటింగులో కలిపి ఎకరానికి సరిపడా పంచుకోవచ్చు. వాళ్లింటి గింజ అయితే అటక మీద పెట్టరు.

ఆ పైన, మే నెలలో కూరకి ఏముంటుంది చెప్పు? టమాటా, ఉల్లిపాయ కొనాలి. నవధాన్యాలు మొలిచాక గోంగూర, లేత అలసందాకు కోసుకుని పప్పులో వేసుకోవచ్చు. మా ఊళ్లో ఆడవాళ్లు దీనికే ఒప్పుకున్నారు, నేల బాగుపడుతుందని కాదు. మగవాళ్లు రెండో ఏడు వాళ్లే దుక్కి దున్నిచ్చారు.

విత్తనానికి మట్టి పట్టించడం మర్చిపోవద్దు. బీజామృతంలో (విత్తనానికి పట్టించే పేడ, మూత్రం, సున్నం నీళ్లు) తడిపి, మెత్తటి మట్టి, ఘనజీవామృతం (ఎండబెట్టి చేసే జీవామృతం) పొడి, బూడిద ఒకదాని మీద ఒకటి చల్లుతూ చాట మీద దొర్లిస్తే గింజ గుండ్రంగా అవుతుంది. చీమలు, పిట్టలు తినవు, చిన్న జల్లుకే తొందరపడి మొలిచి మాడిపోవడం కూడా తగ్గుతుంది. దొర్లించే పనికి అందర్నీ ఒక అరుగు మీద కూర్చోబెట్టు, మాటల్లోనే అయిపోతుంది.

ఉద్యోగం గురించి నాకంతగా తెలియదు గానీ, మా మండలంలో ఊరి రైతులకి పద్ధతులు చెప్పే కృషి సఖులుగా తీసుకుంటున్నారు, అది ఊరి ఆడవాళ్లకే కాబట్టి నీకు వర్తించదు, కానీ వాళ్లకి నేర్పేవాళ్లు కావాలి కదా.

మెట్టచేను_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. జీవాల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇవాళ మా పక్కింటి తాతని అడిగితే "అదేగా మరి" అన్నాడు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు తాతా అంటే నువ్వు అడగందే అన్నాడు. ఊళ్లో మూడు మందలు ఉన్నాయట. ఒక కాపరి భార్య సంఘంలోనే ఉంది, ముందు ఆవిడతో మాట్లాడతాను. వంక పక్కన ఆనుకుని నాలుగు చేన్లు ఉన్నాయి, అందులో ఒకటి కౌలుది, అసలు ఆసామి బెంగళూరులో ఉంటాడు. కౌలు రైతు "వచ్చే ఏడు ఈ చేను నాకిస్తాడో లేదో, నేల బాగుచేసి ఆయనకి అప్పజెప్పాలా" అంటున్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

గోస్తనీ_గట్టు:

కౌలు ప్రశ్నకి మా దగ్గరా సరైన జవాబు దొరకలేదు. ఆసామి ఫోన్ నంబర్ తీసుకుని రెండేళ్లకి కౌలు మాట్లాడిపెట్టడం ఒక దారి. మేం అలా కొంతమందికి చేశాం, కొందరు ఆసాములు ఫోనే ఎత్తలేదు. అతనికి మేత, కూర వచ్చే ముక్క వరకే చెప్పండి, అది ఈ ఏడే చేతికొస్తుంది.

ఇక మీ అమ్మగారి మాట. 2024 నవంబర్‌లో కేంద్రం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కి 2,481 కోట్లు ఆమోదించింది, 15 వేల క్లస్టర్లు, కోటి మంది రైతులు లక్ష్యం. ఊళ్లో ఉండి పనిచేసినవాళ్లకి అందులో చోటు దొరికే అవకాశం ఉంది. కానీ ఇవన్నీ ఎక్కువగా కాంట్రాక్టు పనులే, పెన్షన్ వచ్చే ఉద్యోగం కావాలంటే పరీక్ష రాయాల్సిందే. నేనిప్పుడు ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో చేస్తున్నా, జీతం నా బ్యాచ్‌లో బ్యాంకుకి వెళ్లినవాళ్ల కంటే తక్కువ. రాత్రిపూట పుస్తకం పట్టండి, రెండూ చేయొచ్చు, మాలో ఇద్దరు అలాగే ఊళ్లో ఉండే రాసి పాసయ్యారు.

నల్లమాడ_రైతు:

పాపా, కాపర్లతో మాట ఉగాదికి ముందే అయిపోవాల. ఉగాది తర్వాత ఎవరి చేనులో మంద ఎప్పుడు పెట్టాలనేది ఖాయమైపోతుంది, అప్పుడు పోతే వినరు. కూర్చునేటప్పుడు పెద్ద కాపరిని ముందు పిలువు, చిన్నోళ్లని కాదు.