సర్కారు బడి టీచరు పుస్తకమే చెప్పాలా, పాఠం తనే రాసుకోవాలా?

కాసిమేడు టీచర్:

చెన్నైలో ఉన్న మన తెలుగు టీచర్లనీ, సర్కారు బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులనీ ఒక మాట అడుగుదామని రాస్తున్నాను. నేను కాసిమేడు హార్బరు దగ్గర ఒక ప్రాథమిక బడిలో నాలుగో తరగతికి చెబుతాను. తమిళ మీడియం. ఎక్కువమంది పడవల మీద పనిచేసేవాళ్ల పిల్లలే.

లెక్కల్లో క్యాలెండర్ పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్నట్టే రెండు రోజులు చెప్పాను. ఈ తేదీ నుంచి ఆ తేదీకి ఎన్ని రోజులంటే ఒక్కరూ నోరు విప్పలేదు. మూడో రోజు పుస్తకం పక్కనపెట్టి, చేపల వేట నిషేధం మీద నేనే ఒక లెక్క రాసి బోర్డు మీద పెట్టాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు కదలవు, మొత్తం ఎన్ని రోజులు? అందరూ 30లోంచి 15 తీసేసి ఏప్రిల్‌కి 15 అన్నారు. ఎప్పుడూ వెనకాల కూర్చునే పిల్ల లేచి, "పదిహేనో తేదీన కూడా మా పడవ కట్టేసే ఉంటుంది కదా మిస్, ఆ రోజునెందుకు వదిలేశారు?" అంది. క్లాసంతా ఒకటే గోల. వేళ్ల మీద లెక్కపెట్టుకుని చివరికి 16 అని ఒప్పుకున్నారు. మేకి 31, జూన్‌కి 14. కూడితే 61. "అవును మిస్, మా అప్పా కూడా అరవై ఒక్క రోజులనే అంటాడు!" అని ఒకడు గట్టిగా అరిచాడు. ఆ తర్వాత పుస్తకంలోని లెక్కలన్నీ వాళ్లంతట వాళ్లే చేసేశారు.

ఆ వారమే తనిఖీకి వచ్చినవారు నా నోట్స్ ఆఫ్ లెసన్ (పాఠం ఎలా చెప్పాలో ముందుగా రాసుకునే నోట్సు) చూసి, "ఇది ఏ పేజీలో ఉంది?" అని అడిగారు. ఏ పేజీలోనూ లేదన్నాను. పోర్షన్ వెనకబడింది, పుస్తకం దాటి వెళ్లవద్దు అని రాసి వెళ్లిపోయారు.

పుస్తకం రాసినవాళ్లు పెద్ద పండితులే కావచ్చు, కానీ ఈ నలభై మంది వాళ్లకు తెలియదు. ఎవరికి ఏం చెప్పాలో టీచరే రాసుకోవాలని నా గట్టి నమ్మకం. మీరేమంటారు?

వ్యాసర్‌పాడి అమ్మ:

మేడమ్, మీ పాఠం చదివాక మా వాడికి మీలాంటి టీచరు దొరికితే బాగుండుననిపించింది. అయినా నా బాధ కూడా వినండి. నాకు తమిళం మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. మా ఆయనకూ అంతే. పోయినేడు మా వాడి టీచరు పుస్తకం ముట్టుకునేవారు కాదు, అన్నీ సొంతంగా రాసి జిరాక్సు కాగితాలు ఇచ్చేవారు. మంచి మనిషి, కష్టపడేవారు. కానీ ఆ కాగితాల్లో ఒకటి చొక్కా జేబులో ఉండిపోయి ఉతుకులో పోయింది, ఇంకొకటి వానకు ముద్దయింది. పుస్తకమైతే పేజీ నంబరు చూపించి, పై అంతస్తులో కాలేజీకి వెళ్లే అమ్మాయిని "ఇది కాస్త చెప్పు తల్లీ" అని అడుగుతాను. కాగితం చూపిస్తే ఆ అమ్మాయికి కూడా ముందూ వెనకా ఏమిటో అర్థం కాలేదు.

డిసెంబరులో ఇల్లు మారాం, బడీ మారింది. ఎంతవరకు అయిందని కొత్త టీచరు అడిగితే చూపించడానికి వాడి సంచిలో ఏమీ లేదు. మా ఇంట్లో ఉన్న పుస్తకాలంటే సర్కారు ఊరికే ఇచ్చినవే. వేరేవి కొనే స్తోమత లేదు. అవి కూడా తెరవకపోతే వాడు ఇంట్లో చదువుకునేది దేన్ని?

హైస్కూలు లెక్కల సార్:

ఆ తల్లి చెప్పిందే అసలు మాట. నేను పదో తరగతికి చెబుతాను. పబ్లిక్ పరీక్ష రాష్ట్రమంతటికీ ఒక్కటే. బుక్ బ్యాక్ ప్రశ్నలు, అంటే పాఠం చివర ఉండేవి, చేయించకుండా నా సొంత పాఠాలు చెబుతూ కూర్చుంటే నష్టపోయేది నేను కాదు, ట్యూషన్‌కు డబ్బుల్లేని పిల్లవాడు.

ఒకే పుస్తకం కోసం తమిళనాడులో ఎంత పోరాటం జరిగిందో మరిచిపోవద్దు. సమచ్చీర్ కల్వి, అంటే అందరికీ ఒకే చదువు, రాకముందు స్టేట్ బోర్డు, మెట్రిక్యులేషన్, ఆంగ్లో ఇండియన్, ఓరియంటల్ అని నాలుగు రకాల సిలబస్సులు. సర్కారు బడి పిల్లవాడికి ఒకటి, మెట్రిక్ బడి పిల్లవాడికి ఇంకొకటి. 2010లో 1, 6 తరగతులతో ఉమ్మడి సిలబస్ మొదలైంది. మరుసటి ఏడు దాన్ని ఆపబోతే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆగస్టులో తీర్పు వచ్చేదాకా పిల్లలు పుస్తకాల కోసం ఎదురుచూశారు. ఆ పుస్తకాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. పైగా విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం, నిర్ణయించిన గడువులో మొత్తం సిలబస్ పూర్తి చేయడం టీచరు విధి.

రిటైర్డ్ మాస్టారు:

నేను కార్పొరేషన్ ప్రాథమిక బడుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. మీరంతా అంటున్నవి మేము ఒకసారి చేసి చూసినవే, అందుకే రాస్తున్నాను.

2003లో చెన్నై కార్పొరేషన్ 13 బడుల్లో ఏబీఎల్ మొదలుపెట్టింది, అంటే పుస్తకం బదులు కార్డులతో, ప్రతి బిడ్డా తన వేగంలో పనులు చేస్తూ నేర్చుకునే పద్ధతి. అప్పటి కమిషనర్ ఎం.పి. విజయకుమార్. ఆ పద్ధతికి మూలం మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. అక్కడి చుట్టుపక్కల పల్లె బడుల కోసం తెలుగులో తయారుచేసిన కార్డులే దానికి నాంది. కర్ణాటకలో హెచ్.డి. కోటె టీచర్లు కూడా 1995లో అదే చూసి నలి-కలి అనే తమ పద్ధతి తయారుచేసుకున్నారు. అంటే సర్కారు టీచర్లు పాఠాలు రాయలేరనే మాట ఎప్పుడో అబద్ధమైపోయింది.

మా బడికి అది తర్వాతి విడతలో వచ్చింది. పిల్లల ఎత్తుకు సరిపోయేలా గోడ కింది భాగంలో నల్లబల్లలు, ట్రేలలో కార్డులు, ఏ బిడ్డ ఎక్కడ ఉందో చూపించే నిచ్చెన పటం. అందరం చాపల మీదే. ఫలానా కార్డు దగ్గర పిల్లలు ఆగిపోతున్నారని తెలిస్తే, శనివారం సాయంత్రం నలుగురం కూర్చుని దాని ముందు ఇంకో చిన్న కార్డు రాసి పెట్టేవాళ్లం. అప్పు తెచ్చుకునే తీసివేత ఒక్కదానికే నేను మూడు కార్డులు రాసి, మూడూ చింపి, నాలుగోది ఉంచాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ పనిచేయలేదు.

తర్వాత అది రాష్ట్రమంతటికీ విస్తరించింది. అచ్చయిన కార్డులు పెట్టెల్లో దిగాయి. బదిలీ మీద కొత్తగా వచ్చిన టీచరు వాటిని ఒకటి, రెండు, మూడు అని వరసగా తీసి, పుస్తకం పేజీలు తిప్పినట్టే చెప్పుకుంటూ పోయింది. ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఆ కార్డు అక్కడెందుకు ఉందో ఆమెకు ఎవరూ చెప్పలేదు, మార్చవచ్చనీ చెప్పలేదు. పుస్తకాన్ని పక్కనపెట్టిన పద్ధతే ఇంకో పుస్తకమై కూర్చుంది. కాబట్టి అమ్మా, నీ పడవల లెక్కను రేపు అచ్చువేసి రాష్ట్రమంతా పంచినా కోయంబత్తూరు పిల్లలకు అది పరాయి పాఠమే. నువ్వు అడగాల్సింది పాఠం మార్చుకునే వీలు, దానికి కావలసిన పూట.

కాసిమేడు టీచర్:

మాస్టారూ, మీ నాలుగో కార్డు మాట చదివి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. అక్కా, మీ మాట నాకు ఇంతకుముందు తట్టలేదు. బోర్డు మీద నేను రాసిన లెక్క సాయంత్రానికి చెరిగిపోయింది, ఇంటికి ఎవరూ తీసుకెళ్లలేదు. "పుస్తకం వద్దు" అన్న అర్థం నా మాటల్లో ఉంటే వెనక్కి తీసుకుంటున్నాను. పుస్తకం పిల్లలది, వాళ్ల చేతిలోనే ఉండాలి.

సార్, మీరు చెప్పిన చట్టమే ఇంకొకటి కూడా చెబుతుంది. దాని షెడ్యూలులో టీచరుకు వారానికి 45 గంటలు, పాఠం తయారుచేసుకునే సమయం కూడా అందులోనే. ఆ తయారీ గంటలు నాకు ఎక్కడ? ఎమిస్ (బడి వివరాల ఆన్‌లైన్ రికార్డు) ఎంట్రీలు, హాజరు అప్‌లోడ్లు అయ్యేసరికి బస్సు టైమవుతుంది. మీ పదో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉంది, కాదనను. నా నాలుగో తరగతికి లేదు కదా. ఇక్కడైనా వారానికి ఒక పూట టీచర్లందరూ కలిసి కూర్చుని రాసుకోనివ్వాలి. తనిఖీకి వచ్చేవారు "ఏ పేజీ?" అనే బదులు "ఎందుకు మార్చావు?" అని అడిగితే జవాబు చెప్పడానికి నేను సిద్ధం.

ఇకమీదట నేను రాసే కాగితం పైన పుస్తకం పేజీ నంబరు వేసి, పిల్లల చేత ఆ పేజీలోనే అంటింపిస్తాను.

వ్యాసర్‌పాడి అమ్మ:

అలా అయితే నాకు ఏ ఇబ్బందీ లేదు మేడమ్. జిగురు తక్కువ వేస్తే ఊడిపోతుంది, నాలుగు మూలలా వేయించండి.