నెలల పాపకు డైపర్ల ఖర్చు: సర్కారు నుంచి ఏమొస్తది, ఎట్ల తెచ్చుకోవాలె?

ప్రశ్న (నర్సంపేట దిక్కు):
మా చెల్లెకు రెండున్నర నెలల పాప. మొదటి కాన్పు, వరంగల్ సీకేఎం సర్కారు ఆసుపత్రిల అయింది. మరిది సెంట్రింగ్ పనికి పోతడు, వానలు పడితే పని బందే. డైపర్లకే నెలకు 1,800 దాక అయితున్నయి. వీటికి ఏదన్న స్కీము ఉందా? చెల్లె ఇప్పుడు తల్లిగారింటి దగ్గరనే ఉంది. రేషన్ కార్డుల పేరు కూడ ఇంకా ఇక్కడ్నే ఉంది. పాపకు ఆధార్ తీయలే.

జవాబు (మీసేవ, రేషన్ పనులు తెలిసిన సభ్యుడు):
అక్కా, సూటిగా చెప్తున్నా. నెలనెలా డైపర్లు గానీ, డైపర్ల పేరు మీద పైసలు గానీ ఇచ్చే పథకం మన దగ్గర లేదు. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైనప్పుడు సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లికి సబ్బు, నూనె, దోమతెర, పిల్లకు కావలసిన గుడ్డల లాంటివి ఇచ్చేవారు. అది కాన్పుకు ఒక్కసారి ఇచ్చే సామాను. దాంతోపాటు మగపిల్లాడైతే 12,000, ఆడపిల్లయితే 13,000 నాలుగు విడతల్లో తల్లి ఖాతాలో పడాలన్నది ఆనాటి లెక్క. ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య నర్సు) దగ్గర గర్భిణిగా నమోదై ఉందో లేదో, ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) టీకాలన్నీ ఎక్కాయో లేదో చూసుకోండి. కానీ ఆ పైసలు వస్తాయని నమ్ముకుని అప్పు మాత్రం చేయొద్దు.

ఖాయంగా అందేవి వేరే ఉన్నాయి: బియ్యం, గుడ్లు, పాలు, వైద్యం. వాటి మీద ఇంట్లో పెట్టే ఖర్చు తగ్గితే ఆ మిగులే డైపర్లకు పనికొస్తుంది. వీటికి కాగితాలు ఒక వరుసలో కావాలి. వరుస తప్పితే ఒక్కోటి రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

ముందు జనన ధ్రువపత్రం. పాప పుట్టింది వరంగల్ నగరంలో కాబట్టి నమోదు గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో ఉంటుంది. మీ ఊరి పంచాయతీలో అడిగితే లేదనే అంటారు. చాలామంది అక్కడే నెల రోజులు పోగొట్టుకుంటారు. సర్కారు ఆసుపత్రిలో కాన్పయితే సమాచారం ఆసుపత్రే పంపిస్తుంది, 21 రోజుల లోపు నమోదుకు ఫీజు లేదు. మీ పాపది ఇప్పటికే నమోదై ఉండాలి. పేరు పెట్టకముందే నమోదైతే ఆ కాగితంలో బిడ్డ పేరు దగ్గర ఖాళీ ఉంటుంది. ఏడాది లోపు పేరు చేర్పించుకుంటే రుసుము ఉండదు. పేరు చేర్పించాకే ఆధార్‌కు వెళ్ళండి. లేకపోతే ఆధార్‌లో ఒక పేరు, ధ్రువపత్రంలో ఇంకో పేరు అయి, మార్పుకు మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ తిరగాలి. తల్లిదండ్రుల పేర్లు వాళ్ళ ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే ఉన్నాయా అని కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి. చెల్లె ఇంటిపేరు పెళ్ళి తర్వాత ఒకచోట మారి, ఇంకోచోట మారకపోతే ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

తర్వాత పాప ఆధార్. ఐదేళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు, కంటిపాప తీయరు. ఫొటో, జనన ధ్రువపత్రం, తల్లి లేదా తండ్రి ఆధార్ చాలు. కొత్త నమోదుకు పైసా అడగకూడదు.

ఇక రేషన్. మీ దగ్గర అసలు చిక్కు ఇదే. చెల్లె పేరు తల్లిగారి కార్డులో ఉన్నంతకాలం అత్తగారి కార్డులో ఎక్కదు, ఆధార్ నంబరు రెండుచోట్ల కనిపించి దరఖాస్తు ఆగిపోతుంది. మొదట తల్లిగారి కార్డులోంచి తొలగింపు దరఖాస్తు పెట్టండి. అది పూర్తయిందని మీసేవలో చూపించాకే అత్తగారి కార్డులో చెల్లెనూ పాపనూ కలిపి చేర్చమని పెట్టండి. రెండూ ఒకే రోజు పెడితే చేర్పు తిరస్కరణకు పోతుంది. 2025 ఉగాది నుంచి ఆహార భద్రత కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. పాప పేరు ఎక్కితే ఆ ఇంటికి ఇంకో 6 కిలోలు. బయట కిలో 50 అనుకున్నా నెలకు 300 రూపాయలు. అంత్యోదయ కార్డయితే మనిషి లెక్క ఉండదు, కార్డుకు 35 కిలోలే.

వరంగల్ తిరుగుడుకు చెల్లె గానీ వాళ్ళ అత్తమ్మ గానీ పోతే మంచిది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ పైసలు లేవు, ఆధార్ దగ్గర పెట్టుకోవాలి.

జవాబు (అంగన్‌వాడీ టీచర్):
చెల్లె తల్లిగారింట్ల ఉందన్నరు కదా, ఆమె పేరు ఏ కేంద్రంల ఉన్నదో ముందు అడగండి. బాలింతకు ఆరు నెలలు నిండేదాక ఆరోగ్యలక్ష్మి భోజనం ఉంటది. రోజూ ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అంటే ఇంకా మూడున్నర నెలలు మిగిలినయి. పేరు అత్తగారి ఊళ్ళ ఉంటే, మనిషి ఇక్కడుంటే, రెండు చోట్లా ఏమీ అందదు. అంగన్‌వాడీ పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌ల ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి పేరు మార్చే వెసులుబాటు ఉన్నది. మీ ఊరి టీచర్‌కు ఆధార్, ఎంసీపీ కార్డు చూపించి అడగండి. మళ్ళ అత్తగారింటికి పోయేటప్పుడు అట్లనే వెనక్కు మార్పించుకోవాలె.

ఇంటికిచ్చే సరుకుకు ఇప్పుడు ముఖం ఫొటో తీసి సరిపోల్చుతున్నరు. దానికి ముందు ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు ఓటీపీ వస్తది. ఆ నంబరు మూల పడ్డదో, మరిది జేబుల పనికాడ ఉన్నదో అయితే అక్కడే ఆగిపోతది. ముందే నంబరు సరిచేయించుకోండి.

పాపకు ఏడో నెల పడంగనే బాలామృతం. నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్, 16 గుడ్లు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటయి అందులో. అదొచ్చినంక బయట డబ్బా సెర్లాక్‌లు కొనే పని లేదు.

ఇంకో మాట, డైపర్ల కన్న పెద్ద ఖర్చు పాలడబ్బా. ఈ ఈడు పిల్లకు పూర్తిగా డబ్బాపాలే పోస్తే 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులకు మించి రాదు. పాలు సరిపోతలేవనిపిస్తే డబ్బా కొనకముందు ఆశాను పిలిచి పాప రొమ్ము పట్టే తీరు చూపించండి. చాలాసార్లు పట్టు సరిగ లేకనే పాప ఏడుస్తది, పాలు లేక కాదు. ఆరు నెలలదాక నీళ్ళు కూడ వద్దు.

జవాబు (కార్మిక శాఖ పథకాలు తెలిసిన సభ్యురాలు):
సెంట్రింగ్ పని అన్నారు గనుక మీకు అన్నిటికన్నా పెద్ద మొత్తం వచ్చే దారి ఇది. మరిదికి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు, అదే లేబర్ కార్డు, ఉందా? తెలంగాణలో కార్డున్న కార్మికురాలికి, లేదా కార్డున్న కార్మికుడి భార్యకు, రెండు కాన్పుల వరకు 30,000 రూపాయల ప్రసూతి సాయం ఉంది.

కార్డు కాన్పు జరిగిన రోజుకు చెల్లుబాటులో ఉండాలి. ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, చాలామంది అది మర్చిపోతారు. గడువు తేదీ ఇవాళే చూడండి. ఉంటే జనన ధ్రువపత్రం, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, కార్డు, ఇద్దరి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళతో మీ ప్రాంత సహాయ కార్మిక అధికారి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. ఆలస్యం చేయొద్దు. ఇచ్చిన దానికి రశీదు తప్పక తీసుకోండి. విచారణకు వస్తే పని చేసే చోటు, మేస్త్రీ వివరాలు అడుగుతారు. మరిది నిజంగా చేసే పనే కాబట్టి భయం లేదు.

కార్డు లేకపోతే ఈ కాన్పుకు రాదు. అయినా ఇప్పుడే తీయించండి. 18 నుంచి 60 ఏళ్ళ వయసు, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి, ఐదేళ్ళకు కలిపి కట్టేది 110 రూపాయలే. రెండో కాన్పుకు, ప్రమాద సాయానికి అదే ఆధారం. దళారులు సగం వాటా అడుగుతారు, ఒప్పుకోకండి.

చెల్లె కాన్పుకు ముందు ఈఎస్‌ఐ కట్టే షాపులోనో ప్రైవేటు ఆసుపత్రిలోనో పనిచేసి ఉంటే అది వేరే లెక్క. ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజుల చందా ఉంటే 26 వారాల జీతం వస్తుంది.

సర్కారు డబ్బు ఎక్కువగా ఆధార్‌కు కలిపిన ఖాతాలోనే పడుతుంది. రెండు మూడు ఖాతాలుంటే చివరగా ఆధార్ కలిపిన దానిలో పడుతుంది, మనం మాత్రం పాత పాస్‌బుక్ చూసుకుంటూ ఉంటాం. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్థితి చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. ఫోన్ చేసి ప్రసూతి డబ్బు పడిందని ఓటీపీ అడిగితే చెప్పొద్దు.

ప్రశ్న (నర్సంపేట దిక్కు):
కార్డు ఉంది, ఇంకో ఏడాది గడువుంది! రేపే పోతం. డైపర్ల ఖర్చు ఎట్ల తగ్గియ్యాలె? పాపకు తొడల కాడ ఎర్రగ అయింది కూడ.

జవాబు (పిల్లల వార్డు నర్సు):
ఒకటి 10 రూపాయలు, రోజుకు ఆరు అనుకుంటే మీ 1,800 లెక్క సరిగ్గానే ఉంది. రాత్రికి ఒకటి, ప్రయాణాలకు కొన్ని కలిపి నెలకు 40తో సరిపెడితే 400. పగలంతా లంగోటీలే. పిల్ల ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఇది కుదురుతుంది.

లంగోటీలకు పాత నూలు చీర కావాలి, పాలిస్టర్ కలిసినది నీళ్ళు పీల్చదు. ఐదున్నర మీటర్ల చీరను 55 సెంటీమీటర్ల చదరాలుగా చింపితే 20 వస్తాయి. పాత గుడ్డ పలచన గనుక రెండేసి కలిపి కుట్టండి. మూడు చీరలకు 30 లంగోటీలు. ఉతకడానికి ఒకరోజు పట్టినా కరువు రాదు. మలం దులిపి, ముందు చన్నీళ్ళలో జాడించాలి, వేడినీళ్ళు పోస్తే మరక పట్టుకుంటుంది. సబ్బు పెట్టాక రెండుసార్లు జాడించండి, మిగిలిన సబ్బే తొడలను మండిస్తుంది. బట్టలు మెత్తబరిచే లిక్విడ్ వద్దు, గుడ్డ పీల్చే గుణం పోతుంది. ఎండలో ఆరేయండి. వానాకాలం ఫ్యాను కింద ఆరేసి ఇస్త్రీ చేయండి, తడివాసన ఉన్నది కట్టొద్దు. గుడ్డ కడితే ఇంకో లాభం: రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తోందా, అంటే పాలు సరిపోతున్నాయా అన్నది తెలిసిపోతుంది.

కొనేటప్పుడు ప్యాకెట్ ధరను లోపలి సంఖ్యతో భాగించి చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పిల్లల డైపర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధర ముద్రించిన ప్యాకెట్ అదే ధరకు ఇస్తే అడగండి. సైజు బరువును బట్టి, నెలలను బట్టి కాదు. తొడకు గీత పడుతుంటే చిన్నదైనట్టు. మొత్తంగా పెద్ద పెట్టె ముందే కొనిపెట్టుకోవద్దు, ఈ వయసులో పిల్ల సైజు త్వరగా మారుతుంది. వాడినది కాగితంలో గట్టిగా చుట్టి చెత్త బండికి విడిగా ఇవ్వండి, మరుగుదొడ్డిలో వేస్తే పైపు మూసుకుపోతుంది.

ఎరుపు గురించి. ఉబ్బెత్తుగా ఉన్న చోట్ల ఎర్రగా ఉండి, మడతల లోపల మామూలుగా ఉంటే తడి వల్ల వచ్చినది. మూడు గంటలకోసారి మార్చి, నీళ్ళతో కడిగి, అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ మందు మందంగా రాయండి. రోజూ కాసేపు ఏమీ కట్టకుండా వదిలేయండి. పౌడర్ చల్లొద్దు, ఊపిరిలోకి పోతుంది. మడతల్లో కూడా బాగా ఎర్రగా ఉండి చుట్టూ చిన్న చుక్కలు ఉంటే అది ఫంగస్, దానికి మందు డాక్టరే రాయాలి. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే మిశ్రమ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో తగ్గినట్టే కనిపించి చర్మాన్ని పలచన చేస్తాయి, అవి వద్దు. చీము పొక్కులు, జ్వరం, పాలు తాగకపోవడం ఉంటే ఆగకుండా తీసుకెళ్ళండి. ఏడాదిలోపు పిల్లకు సర్కారు ఆసుపత్రిలో పరీక్షలు, మందులు, 102 బండి అన్నీ ఉచితమే. ఎవరైనా బయట కొనుక్కురమ్మని చీటీ రాస్తే ఆ చీటీతో ఆర్‌ఎంఓ (ఆసుపత్రి వ్యవహారాలు చూసే డాక్టరు) దగ్గరికి వెళ్ళి అడగండి.